కొండ నుంచి రేవు దాకా: బైలాడిలా ఖనిజం నడిచే దారి

(విశాఖపట్నంలో భూగర్భశాస్త్ర, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందన్న సంగతి పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికే భూగర్భ శాస్త్రవేత్తలకు తెలుసు. ప్రమథనాథ్ బోస్ ఆ ప్రాంతం పరిశీలించి వెళ్లారు. 1930లలో క్రూక్‌షాంక్ ఆ కొండ వరసను సర్వే చేసి పటం గీశారు. అక్కడి నిక్షేపాలకు 1 నుంచి 14 వరకు అంకెలు పడ్డాయి. కిరండూల్ గనిని నేటికీ 14వ నంబరు అనీ, బచేలి గనిని 5వ నంబరు అనీ పిలిచేది ఆ లెక్క ప్రకారమే. నూటికి 65 పాళ్ల పైచిలుకు ఇనుము ఉండే హెమటైట్ అది. అయినా 14వ నంబరు గనిలో ఉత్పత్తి మొదలైంది 1968లో. దాదాపు 70 ఏళ్లు ఆ సంపద కొండ మీదే ఉండిపోయింది. తవ్వడం చేతకాక కాదు, తవ్వినదాన్ని కిందికి తెచ్చే దారి లేక.

నేను రైల్వేలో సరకు రవాణా చూసే విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. గని అనగానే అందరూ ఖనిజం ఎంత ఉంది, నాణ్యత ఎంత అని అడుగుతారు. నేను ముందు అడిగేది, అది ఏ దారిన రేవుకు వస్తుందని. ఆ తర్వాత, ఆ దారిలో ఖనిజంతో పాటు ఇంకెవరు ప్రయాణం చేయగలరని. ఈ రెండో ప్రశ్న ప్రాజెక్టు నివేదికల్లో ఎక్కడా కనబడదు. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

మన రేవు పుట్టుకే ఖనిజంతో ముడిపడి ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ చాటున లోపలి హార్బరు తవ్వింది మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి. దాని కోసమే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసింది. ఆ లైను 1931లో పూర్తయింది, రేవు 1933లో తెరుచుకుంది. ఆ ఏడాది డిసెంబరులో వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. లైను ముందు, రేవు తర్వాత. ఆ వరుస గుర్తు పెట్టుకోండి.

బైలాడిలా విషయంలోనూ అంతే జరిగింది. యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు పరిశ్రమ మళ్లీ లేచి నిలబడుతోంది. వాళ్లకు ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకద్రవ్యం కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది. బైలాడిలా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, ఇప్పటి ఝార్ఖండ్‌లోని కిరిబురు గని నుంచి 20 లక్షల టన్నులు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అంటే మనం ఎన్‌ఎండీసీ అనేది, అప్పటికి పుట్టి రెండేళ్లే. గని అభివృద్ధి దానికి అప్పగించారు. రైల్వే మూడు లైన్లు కలిపి ఒకే ప్రాజెక్టుగా చేపట్టింది. దండకారణ్యం, బొలంగీర్, కిరిబురు పేర్లు కలిపి దాన్ని డీబీకే అన్నారు. అందులో అతి కష్టమైన ముక్క కొత్తవలస నుంచి కిరండూల్ వరకు. అదే మన కేకే లైను.

పటం మీద కిరండూల్‌కూ విశాఖకూ మధ్య స్కేలు పెట్టి కొలవండి. సుమారు 230 కిలోమీటర్లు వస్తుంది. రైలు మార్గం కొత్తవలస దాకానే దాదాపు 445 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ మరో పాతిక పైన. అంటే రెట్టింపు. సర్వే చేసినవాళ్లు దారి తప్పారా? లేదు. వాలు వాళ్లను తిప్పింది. ఈ ఘాట్‌లో పట్టాల వాలు 60కి 1. ఒక మీటరు ఎత్తు ఎక్కాలంటే 60 మీటర్లు నడవాలి. మైదానానికీ 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషనుకూ మధ్య తేడా 900 మీటర్ల పైనే. ఆ ఎత్తు ఎక్కడానికే 54 కిలోమీటర్ల పట్టా కావాలి. అంత పట్టాను ఆ కొండల మధ్య ఎక్కడ పరుస్తారు? లోయ అంచున తిప్పి, వాగు దాటించి, కొండ తొలిచి, మళ్లీ తిప్పి పరిచారు. లైను మొత్తంలో 58 సొరంగాలు. 84 పెద్ద వంతెనలు, చిన్నవి 1,200 పైన. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్ల మధ్య కిటికీ పక్కన కూర్చుంటే ఈ లెక్క మీకు పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. ఇది వేసింది 1960లలో. డైనమైట్, డ్రిల్లు ఉన్నాయి నిజమే, కానీ మనిషి చేతికి ఎంత పని పడిందో ఆ కోతల్లో రాతి మీద కనబడుతుంది.

కట్టినప్పుడు మన దేశంలో బ్రాడ్‌గేజి మీద అంతకన్నా ఎత్తయిన స్టేషను లేదు. కశ్మీరు లైను వచ్చేదాకా ఆ పేరు శిమిలిగూడకే ఉండేది.

ఇక రైలు నడిపే సంగతి. చాలామంది ఖనిజం కొండ మీద నుంచి కిందికే కదా, జారిపోతుంది అనుకుంటారు. అది పొరపాటు. కిరండూల్‌లో నిండిన రైలు దంతెవాడ, జగదల్‌పూర్ మీదుగా జయపురం వస్తుంది. అక్కడి నుంచి కోరాపుట్ పీఠభూమికి నిండు బరువుతో ఎక్కాలి. ఆ తర్వాత పాడువా, అరకు మీదుగా శిమిలిగూడ చేరి, అప్పుడు దిగడం మొదలుపెడుతుంది. ఎక్కడానికి బలం కావాలి, దిగడానికి అంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక్కో రైలుకు 58 దాకా వ్యాగన్లుంటాయి. మూడేసి ఇంజన్లు కట్టి నడిపేది అందుకే.

వ్యాగన్లను చూసి కొంతమంది ఇవేమిటి, సగం కూడా నింపకుండా పంపుతున్నారు అంటారు. ఇనుప ఖనిజం అంత బరువు. బొగ్గు అంచుల దాకా నిండే వ్యాగన్లో ఇనుప ఖనిజం సగానికి రాకముందే ఇరుసు మోయగల హద్దు వచ్చేస్తుంది. దాని పైన ఒక్క టన్ను ఎక్కువ వేసినా ఆ దెబ్బ పట్టా మీద, చక్రం మీద, వంతెన గర్డరు మీద పడుతుంది. అందుకే ఈ లైను కోసం పక్క గోడలు పొట్టిగా ఉండే వ్యాగన్లు ప్రత్యేకంగా తెచ్చారు.

దిగుడు మొదలయ్యే ముందు రైలు ఆగుతుంది. లోకో పైలట్ బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి చూస్తాడు. వెనక గార్డు తన గేజిలో చూస్తాడు. రెండూ సరిపోవాలి. ఏ వ్యాగన్ దగ్గర గొట్టం కారుతున్నా ఇంజను దగ్గర బాగానే కనిపించి తోకలో తగ్గుతుంది. మధ్యలో ఒకరు వ్యాగన్ వెంబడి వ్యాగన్ నడుచుకుంటూ వెళ్లి బ్రేకు బ్లాకు చక్రానికి పట్టిందో లేదో చూస్తారు. నిండు రైలు, ఇంజన్లు కలిపి దాదాపు 5,000 టన్నులు. అంత బరువు 900 మీటర్లు కిందికి దిగుతుంటే విడుదలయ్యే శక్తి ఎంతో మీలో భౌతికశాస్త్రం చదివినవాళ్లు లెక్కకట్టండి. సుమారు 12,000 యూనిట్ల కరెంటుతో సమానం. ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బ్రేకు బ్లాకులే దాన్నంతా మింగితే చక్రాలు కాలిపోతాయి. వర్షం లేని రాత్రి ఘాట్ కింద స్టేషన్లో నిలబడితే వచ్చే రైలు కంటే ముందు మాడిన ఇనుము వాసన వచ్చేది. ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజన్లు దిగుతున్నప్పుడు మోటారునే జనరేటరుగా మార్చి కరెంటును తిరిగి పై తీగలోకి పంపుతాయి. ఒక రైలు దిగుతూ ఇచ్చిన కరెంటుతో మరో ఖాళీ రైలు ఎక్కగలదు. ఈ లైనుకు 1980ల మొదట్లో విద్యుత్ తీగలు వేశారు. నా దృష్టిలో ఆ పెట్టుబడికి అసలు ఫలితం ఈ ఇంజన్లతోనే దక్కింది.

ఇక వానాకాలం. ఈ లైను శత్రువు వాన. చిమిడిపల్లి వైపు బండరాళ్లు జారి పట్టా మీద పడటం ప్రతి ఏడూ వినే కబురే. 2023 సెప్టెంబరులో కోరాపుట్ అవతల మనబార్, జర్తి మధ్య కొండ చరియ మొత్తం లైను మీదికి వచ్చింది. రాకపోకలు రోజుల తరబడి ఆగిపోయాయి. అలాంటి రాత్రుల్లో ట్రాక్‌మన్లు చేతిలో లాంతరు, సంచిలో డిటొనేటర్లు (చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే టపాసులు) పెట్టుకొని ఇద్దరిద్దరుగా సొరంగం నుంచి సొరంగానికి నడుస్తారు. మట్టి జారితే పట్టా మీద డిటొనేటరు బిగించి, ఎర్ర దీపంతో రైలుకు ఎదురు పరుగెత్తాలి. విశాఖ రేవు రికార్డులన్నీ, ఎన్‌ఎండీసీ ఉత్పత్తి లెక్కలన్నీ ఆ మనుషుల నడక మీద నిలబడ్డాయి. వాళ్ల గురించి ఏ వార్షిక నివేదికలోనూ ఒక్క వాక్యం ఉండదు, ఉండాలి.

లైను ఆగితే ఎవరికి నష్టం? విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గని లేదన్నది మీకందరికీ తెలుసు. ఈ దారిన వచ్చే ఖనిజమే దానికి ప్రధాన ఆధారం. కొలిమిని స్విచ్ వేసినట్టు ఆపి మళ్లీ వెలిగించలేరు. అందుకే రెండో దారి విలువ ఆపదలోనే తెలుస్తుంది. 1990లలో కోరాపుట్ నుంచి రాయగడకు 160 కిలోమీటర్ల పైచిలుకు లైను వేశారు. దాని వెనక ఉన్నది మరో ఖనిజం. పంచపట్‌మాలి కొండ మీద ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో బాక్సైట్ తవ్వుతుంది. అది 14 కిలోమీటర్లకు పైగా పొడవున్న కన్వేయర్ బెల్టు మీద దమన్‌జోడి శుద్ధి కర్మాగారానికి దిగుతుంది. అక్కడ తయారైన అల్యూమినా రైల్లో విశాఖ రేవుకు వస్తుంది. అదే రేవులో దిగిన కాస్టిక్ సోడా దమన్‌జోడికి వెళుతుంది. అటు సరకు, ఇటు సరకు. రవాణా మనిషికి ఇంతకంటే సంతోషం లేదు. ఇనుప ఖనిజం వ్యాగన్లు మాత్రం 470 కిలోమీటర్లు ఖాళీగా తిరిగెళ్లాలి. అరకు ఘాట్ మూసుకుపోయిన రోజుల్లో కొన్ని రైళ్లనైనా రాయగడ, విజయనగరం మీదుగా తిప్పగలుగుతున్నామంటే ఆ బాక్సైట్ లైను పుణ్యమే.

లారీల సంగతి ఒక్క లెక్కతో చెబుతాను. ఏటా కోటి టన్నులు తేవాలంటే రోజుకు ఏడెనిమిది నిండు రైళ్లు చాలు. అదే 25 టన్నుల లారీలతో తేవాలంటే రోజుకు 1,100 లారీలు. అన్నే ఖాళీవి ఎదురు రావాలి. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద, ఎస్.కోట బజారులో ప్రతి 40 సెకన్లకు ఒక లారీని ఊహించుకోండి. దాన్ని అక్కడితో వదిలేద్దాం.

గొట్టం సంగతి అలా వదిలేయలేం. కిరండూల్ దగ్గర ఖనిజాన్ని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, 267 కిలోమీటర్ల గొట్టంలో విశాఖకు పంపే ఏర్పాటు 2000ల మధ్యలో మొదలైంది. ఎస్సార్ వేసింది, ఇప్పుడు ఆర్సెలార్ మిట్టల్ నిప్పాన్ స్టీల్ చేతిలో ఉంది. ఏటా 80 లక్షల టన్నుల సామర్థ్యం. 267 అన్న అంకె చూడండి, స్కేలుతో కొలిచిన 230కి ఎంత దగ్గరగా ఉందో. గొట్టానికి వాలు బెంగ తక్కువ. రైలు చుట్టూ తిరిగే మల్కన్‌గిరి కొండలను అది నేరుగా దాటుతుంది. టన్నుకు అయ్యే ఖర్చు రైలు కిరాయితో పోలిస్తే చాలా చవక. దుమ్ము లేదు, మోత లేదు, వ్యాగన్ల కోసం ఎదురుచూపు లేదు. ఇంజనీరుగా నేను దాన్ని మెచ్చుకుంటాను.

కానీ ఆ గొట్టం తన దారిలోని ఊళ్లకు ఇచ్చేదేమిటి? భూమి తీసుకుంటుంది, గని దగ్గరి నీళ్లు తీసుకుంటుంది. ఆ దారిలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ వైపు ఉండే మనిషి ఆసుపత్రికి వెళ్లాలంటే దానిలో ఎక్కలేడు, పండిన అల్లం, పసుపు దానిలో పంపలేడు. 2009లో మావోయిస్టులు ఆ ప్రాంతంలో దాన్ని దెబ్బతీసినప్పుడు అది చాలాకాలం పనిచేయలేదు. హింసను నేను సమర్థించను. దంతెవాడ వైపు పట్టాలు పీకిన రాత్రులు నాకు తెలుసు, నా తోటి ఉద్యోగులు భయంతో డ్యూటీ చేసిన రాత్రులవి. అయినా ఊరి మధ్య నుంచి సంపద పోతూ, ఊరికి ఏమీ మిగల్చని దారి కాపలా లేకుండా నడవదు.

కేకే లైను జపాన్ ఉక్కు మిల్లుల కోసం వేసింది. అరకు లోయ ప్రజల కోసం వేసింది కాదు. కానీ అది పట్టా కాబట్టి, స్టేషన్లు ఉన్నాయి కాబట్టి, దాని మీద ఒక ప్యాసింజరు రైలు నడిచింది. విశాఖ–కిరండూల్ ప్యాసింజరు. దాంట్లో చింతపండు బుట్టలు వచ్చాయి, పనస పళ్లు వచ్చాయి, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి పసిపిల్లలతో తల్లులు వచ్చారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చదువుకునే పిల్లలు వచ్చారు. బొర్రా గుహలకు జనం వెళ్లింది ఆ రైల్లోనే. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. కొండల్లో పట్టణం అన్నదే లేని చోట అరకు స్టేషను చుట్టూ అంగళ్లు, హోటళ్లు, కాఫీ వ్యాపారం పెరిగాయి. ఖనిజానికి వేసిన దారిలో మనిషి దూరాడు. అది ప్రణాళికలో లేదు. వచ్చే లైన్లలో ప్రణాళికలోనే పెట్టమని నేను అడుగుతున్నాను.

రేవు గురించి రెండు మాటలు చెప్పాలి. వ్యాగన్ వచ్చి టిప్లర్‌లోకి వెళ్లగానే పైనుంచి కొక్కేలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. పట్టాతో సహా వ్యాగన్ తలకిందులవుతుంది. 60 టన్నుల ఖనిజం ఒక్క ఉరుముతో కింద తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి బెల్టు, బెల్టు నుంచి గుట్ట, గుట్ట నుంచి మళ్లీ బెల్టు, ఓడ. జపాన్ ఓడలు లక్ష టన్నులు దాటి పెరిగేసరికి లోపలి హార్బరు చాలక 1976లో బయటి హార్బరు కట్టారు. లక్షన్నర టన్నుల ఓడ నింపాలంటే దాదాపు 40 రైళ్ల ఖనిజం కావాలి. ఓడ ఒక్క రోజు అదనంగా ఆగినా డెమరేజీ, అంటే ఆలస్యానికి రుసుము కట్టాలి, అందుకే రేవులో గుట్టలు. ఆ గుట్టల దుమ్ము వన్‌టౌన్ ఇళ్లలోకి వచ్చింది. ఉతికి ఆరేసిన బట్టల మీద ఎర్రగా పేరుకునేది. నీళ్లు చల్లే యంత్రాలు, టార్పాలిన్లు, గోడలు ఎన్ని పెట్టినా గుట్టను ఆ జనవాసం నుంచి దూరం పెట్టడమే అసలు మందు. కొండ పైన కూడా ఇదే కథ, అక్కడ నీళ్లలో. గనుల నుంచి కొట్టుకొచ్చిన పొడితో శంఖిని నది ఎర్రబడితే దాని ఒడ్డున ఉన్న పల్లెలు ఏ నీళ్లు తాగాలి?

పొడి ఖనిజంలో మరో ప్రమాదం తేమ. తడిసిన పొడి ఓడ కడుపులో అలల కుదుపుకు బురదలా మారి ఒక పక్కకు జారుతుంది. ఓడ ఒరిగిపోతుంది. 2009లో వానాకాలంలోనే రెండు ఓడలు ఇనుప ఖనిజంతో మన తీరాల్లో మునిగాయి. జులైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్. ప్రయోగశాల పరీక్షలు ఎన్నున్నా ఓడ కెప్టెన్ చేతిలో ఒక చిన్న పరీక్ష ఉంది. డబ్బాలో సగం దాకా ఖనిజం వేసి, జానెడు ఎత్తు నుంచి గట్టి నేల మీద పాతిక సార్లు కొడతాడు. పైన నీరు తేలి మెరిస్తే ఆ సరకు ఎక్కించడు. ఓడ యజమాని, ఏజెంటు, కొనుగోలుదారు ఎంత తొందరపెట్టినా ఆ డబ్బా చెప్పిందే వినాలి. వాన పడుతున్న వ్యాగన్ మీద కప్పు వేయలేదన్న చిన్న విషయం 470 కిలోమీటర్ల కింద నావికుల ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు దారులు మళ్లీ మారుతున్నాయి. జగదల్‌పూర్ పక్కన నగర్నార్‌లో ఎన్‌ఎండీసీ కట్టిన 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం 2023లో ప్రారంభమైంది. ఖనిజం రేవు దాకా రాకుండా దారిలోనే ఉక్కుగా మారడం నాకు సంతోషం. బస్తర్ బిడ్డలకు ఉద్యోగాలు బస్తర్‌లోనే దొరకాలి. కేకే లైనును రెండో పట్టాతో విస్తరిస్తున్నారు. కొత్తవలస–కోరాపుట్ భాగమే 189 కిలోమీటర్లు. ఒక్క పట్టా ఉన్నంతకాలం నిండు రైలు దిగుతుంటే ప్యాసింజరు లూపు లైనులో, అంటే స్టేషన్లోని పక్క పట్టా మీద నిలబడాలి. గంటల కొద్దీ నిలబడింది కూడా. రెండో పట్టా వచ్చాక ఆ సాకు ఉండదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజన్‌ను విడదీసి, ఈ లైనును రాయగడ డివిజన్‌కు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆదాయం ఏ డివిజన్ ఖాతాలో పడుతుందన్నదాని మీద మన ఊళ్లో చాలా చర్చ జరిగింది. నాకు అంతకంటే ముఖ్యమైనది, అరకు ప్రయాణికుల రైళ్ల నిర్ణయం ఎవరు చేస్తారన్నది. రాయగడలో చేసినా సరే, అరకు వాళ్లు చెప్పేది వినే ఏర్పాటు ఉండాలి.

తెలంగాణ వైపు కూడా చూడండి. జయపురం నుంచి మల్కన్‌గిరికి లైను మంజూరైంది. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి 170 కిలోమీటర్ల పైచిలుకు లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొత్తగూడెం–కిరండూల్ లైనుకు సర్వే పని నడుస్తోంది. ఇవి పూర్తయితే బస్తర్ ఖనిజానికి విశాఖ ఒక్కటే గుమ్మం కాదు, గోదావరి దాటి దక్షిణాదికి దారి తెరుచుకుంటుంది. ఈ లైన్లు వెళ్లేది కోయ, గొత్తికోయ పల్లెల మధ్య నుంచి. సర్వే రాళ్లు పాతుతున్న ఈ దశలోనే అడగాలి: స్టేషను ఎంత దూరానికి ఒకటి? సంతకు వెళ్లే రోజు ఆగే ప్యాసింజరు ఉందా? సరకు దించుకునే చిన్న ప్లాట్‌ఫారం ఉందా? లైను వేశాక స్టేషను అడిగితే వాలు కుదరదు, లూపుకు చోటు లేదు అంటారు. అది అబద్ధం కూడా కాదు. స్టేషనుకు చదునైన నేల, లూపుకు ముప్పావు కిలోమీటరు పొడవు సర్వేలోనే కేటాయించాలి. మీలో కొందరు రేపు ఆ నివేదికలు రాస్తారు. టన్నుకు ఎంత ఖర్చు అన్న గడి పక్కన, ఊరికి ఎన్ని రైళ్లు అన్న గడి కూడా గీసి పెట్టండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.